తాతను రాసిపెట్టిన మనవడు



ఏటా ఫాల్గుణ బహుళ ద్వాదశి దగ్గరపడే కొద్దీ తిరుపతిలో సందడి మొదలవుతుంది. అలిపిరిలో పాదాల మండపం దగ్గర మెట్లపూజ చేస్తారు. ఊరూరి నుంచి వచ్చిన భజన మండళ్ల వాళ్లు తాళాలు పట్టుకుని, గోవిందనామాలు చెప్పుకుంటూ, పాడుకుంటూ కొండెక్కుతారు. కింద అన్నమాచార్య కళామందిరంలో, పైన తిరుమలలో నారాయణగిరి ఉద్యానవనంలో సంకీర్తన గోష్ఠులు సాగుతాయి. అది తాళ్లపాక అన్నమాచార్యుల వర్ధంతి. దుందుభి నామ సంవత్సరంలో, అంటే 1503లో, ఆ తిథినాడే ఆయన కాలం చేశారు. ఐదు వందల ఏళ్లు గడిచిపోయినా, ఆ పెద్దాయన సంవత్సరీకాన్ని ఒక ఊరు ఊరంతా తన ఇంటి పెద్ద సంవత్సరీకంగా జరుపుకుంటోంది.

అన్నమయ్య గురించి మనకు తెలియనిది ఏముంది అనిపించవచ్చు. గడ్డి కోయబోయి వేలు తెగిన ముచ్చట తెలుసు. చెప్పులతో కొండెక్కుతుంటే అమ్మవారు వచ్చి దారి చూపిన కథ తెలుసు. రాజు సంకెళ్లు వేయిస్తే అవి విడిపోయిన కథ పిల్లలు కూడా చెబుతారు. 1997లో రాఘవేంద్రరావుగారి సినిమా వచ్చాక ఇవన్నీ ఇంటింటి కథలయ్యాయి. అయితే ఈ ముచ్చట్లు మనదాకా ఎవరు తెచ్చారు? అన్నమయ్య తన గురించి తాను చెప్పుకున్నది తక్కువ. ఆయన పాట నిండా స్వామి ఉన్నాడు, అమ్మవారు ఉంది, లోకం తీరు ఉంది. పాడిన మనిషి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ ఏడ్చాడు, ఎవరిని ఎదిరించాడు అన్న సంగతులన్నీ మరొకరు చెప్పినవి. ఆ చెప్పినవాడు ఆయన మనవడు.

ఆ మనవడి పేరు తాళ్లపాక చినతిరువేంగళనాథుడు. లోకం చిన్నన్న అని పిలుచుకుంది. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యులు. ఆయన కొడుకుల్లో ఒకడు ఈ చిన్నన్న. పరమయోగి విలాసం, అష్టమహిషీ కల్యాణం, ఉషాకల్యాణం రాశాడు. ద్విపద అంటే చిన్నన్నదే అని చాటువులు పుట్టేటంత పేరు తెచ్చుకున్నాడు. పురాణపురుషులను, ఆళ్వారులను పాడిన ఆ కలంతోనే తన తాత కథ కూడా రాశాడు. ఆ పుస్తకం పేరు అన్నమాచార్య చరిత్రము. రాజుల పరాక్రమాలు, దేవతల మహిమలు కావ్యాలవుతున్న రోజుల్లో ఒక మనవడు ఇంటి పెద్ద జీవితాన్ని కావ్యవస్తువు చేశాడు. తెలుగులో జీవితచరిత్రల మాట వచ్చినప్పుడల్లా మొట్టమొదట తలుచుకోవలసిన పొత్తం అది.

ఈ రోజు నేను మీతో చెప్పదలచుకున్నది ఆ మనవడి గురించి. తాత ఎంత గొప్పవాడైనా, ఆ గొప్పతనాన్ని మనిషి రూపంలో మనకు అందించడానికి ఒక మనవడు కావలసి వచ్చింది. ఆ పని ఎట్లా చేశాడో చూస్తే, మన తాతల విషయంలో మనం చేయవలసిందేమిటో తెలుస్తుంది.

చిన్నన్న తాత కథను తాత పుట్టుకతో మొదలుపెట్టలేదు. ఇంకా వెనక్కి, తాతకు పూర్వీకుడైన నారాయణయ్య దగ్గరికి వెళ్లాడు. ఆ నారాయణయ్య చిన్నప్పుడు చదువు రాని పిల్లవాడు. తాళ్లపాకలో ఉంటే చదువు అబ్బడం లేదని పక్కన ఊటుకూరులో బంధువుల ఇంటికి పంపించారు. అక్కడ అయ్యవారు కొట్టారు, తిట్టారు, దండించారు. పిల్లవాడికి ఒక్క ముక్క ఎక్కలేదు. తోటిపిల్లలు నవ్వారు. ఆ అవమానం భరించలేక ఊరి బయట చింతలమ్మ గుడికి పోయాడు. అక్కడ పుట్టలో పాము ఉందని ఊరందరికీ తెలుసు. చచ్చిపోదామని ఆ పుట్టలో చెయ్యి పెట్టాడు. అప్పుడు అమ్మవారు ప్రత్యక్షమై, నాయనా, నీకెందుకు ఈ పని, మూడో తరంలో మీ ఇంట్లో మహాభక్తుడు పుడతాడు, పోయి మీ ఊరి కేశవస్వామిని కొలుచుకో, చదువు తానే వస్తుంది అని ఓదార్చింది.

ఎంత ధైర్యంగా రాశాడో చూడండి. తన వంశం మొదలు చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరైనా పాండిత్యాలు చెప్పుకుంటారు, గోత్రాలు చెప్పుకుంటారు. చిన్నన్న మాత్రం పలక ముందు కూర్చుని ఏడ్చిన పిల్లవాణ్ని చూపించాడు. చదువు రాక ప్రాణం తీసుకోబోయిన పసివాడి వంశంలోనే వేల సంకీర్తనలు పుట్టాయని చెప్పాడు. పరీక్ష తప్పానని కుమిలిపోతున్న పిల్లలు ఇవాళ మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ పిల్లల పక్కన కూర్చుని చెప్పవలసిన కథ ఇది. మూడో తరం మాట ఎత్తి ఆ పసివాడి చెయ్యి పుట్టలోంచి వెనక్కి తీయించింది చింతలమ్మ. ఆ కథను మరువకుండా రాసిపెట్టాడు ఆ ఇంటి మనవడు.

తర్వాత తాత బాల్యం. నారాయణసూరికి, లక్కమాంబకు పుట్టిన కొడుకు అన్నమయ్య. ఎప్పుడూ పాట, ఎప్పుడూ తనలోకం. ఉమ్మడి కుటుంబం. అందరూ తలా ఒక పని చేస్తుంటే ఈ పిల్లవాడు మాత్రం దండె మీటుకుంటూ తిరుగుతున్నాడు. ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టింది. ఊరికే తిరుగుతావేం, పశువులకు ఇంత గడ్డి కోసుకురా అన్నారు. కొడవలి తీసుకుని పోయాడు. గడ్డి కోస్తుంటే చిటికెన వేలు తెగింది. నెత్తురు కారింది. అమ్మా అని అరిచాడు. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. ఆ క్షణంలో ఇల్లు, వాకిలి, అన్న, వదిన, ఎవరికి ఎవరు అనిపించింది. అప్పుడే దారివెంట గోవిందా అంటూ తిరుమల యాత్రికులు పోతున్నారు. కొడవలి పారేసి వాళ్లతో కలిసిపోయాడు.

ఆ చిటికెన వేలు లేకుండా ఈ కథను ఊహించండి. ఆయన బాల్యంలోనే వైరాగ్యం పొంది తిరుమల యాత్ర చేశాడని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. అట్లా చెప్పిన మరుక్షణం మరిచిపోతాం. వేలు తెగిందనీ, అమ్మా అన్నాడనీ చెబితే ఆ పిల్లవాడు మన కళ్లముందు నిలబడతాడు. మహిమలు ఎవరైనా చెబుతారు గానీ, వేలు తెగిన సంగతి గుర్తుపెట్టుకునేవాళ్లు ఇంట్లోవాళ్లే.

అక్కడి నుంచి కథ మన తిరుపతిలోకి వస్తుంది. గంగమ్మకు మొక్కుకుని, అలిపిరి దాటి, తలయేరుగుండు దాటి పిల్లవాడు కొండెక్కుతున్నాడు. పొద్దు నెత్తికెక్కింది. తిన్నదేమీ లేదు. మోకాళ్ల మిట్ట దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆడలేదు. నడకదారిన వెళ్లినవాళ్లందరికీ ఆ మిట్ట తెలుసు. అప్పటిదాకా మాట్లాడుకుంటూ వచ్చినవాళ్లు కూడా అక్కడ నోరు మూసుకుని మెట్లు లెక్కపెట్టుకుంటారు. మొక్కు ఉన్నవాళ్లు మోకాళ్ల మీద ఎక్కుతారు. ఆ మిట్టమీద పిల్లవాడు సొమ్మసిల్లి బండమీద పడుకున్నాడు. అలమేలుమంగ పెద్ద ముత్తయిదువు వేషంలో వచ్చింది. తల్లీ, దారి కనబడడం లేదు అన్నాడు. ఈ కొండంతా సాలగ్రామమయం బిడ్డా, కాలికి చెప్పులున్నాయి, అందుకే నీకు దారి తెలియడం లేదు, విడిచిపెట్టు అంది. చెప్పులు విడిచాడు. కొండ కనబడింది. తల్లి ప్రసాదం పెట్టింది. ఆకలి తీరింది. ఆ తల్లిమీదే ఆశువుగా శతకం చెప్పాడు.

ఇవాళ అలిపిరి దగ్గర చెప్పులు వదిలి కొండెక్కే ప్రతి మనిషీ ఆ పిల్లవాడి అడుగులో అడుగు వేస్తున్నట్లే. ఆ సంగతి ఎక్కేవాళ్లలో అందరికీ తెలియకపోవచ్చు. చిన్నన్న రాయకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

పై కొండమీద ఘనవిష్ణువు అనే వైష్ణవ యతి ఆ పిల్లవాణ్ని చేరదీసి దీక్ష ఇచ్చాడు. ఇంతలో కన్నతల్లి వెతుక్కుంటూ వచ్చింది. గురువు మాట విని ఇంటికి పోయాడు. తిమ్మక్క, అక్కలమ్మలతో పెళ్లయింది. అహోబిలంలో శఠకోపయతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. ఇల్లు విడిచిపోయినవాడు మళ్లీ ఇంటివాడయ్యాడు. పెళ్లాం బిడ్డలతో ఉంటూనే రోజూ స్వామికి పాట కట్టాడు. తెల్లవారితే మేలుకొలుపు, పొద్దుపోతే జోల. దంచేటప్పుడు పాడుకునే సువ్విపాట, సంక్రాంతికి గొబ్బిపాట, ఏల, తుమ్మెదపదం. పల్లెజనం నోట ఉన్న పాటల బాణీలన్నీ తెచ్చి స్వామి ముందు పెట్టాడు. ఊళ్లో అందరూ పాడుకునే పాటలో స్వామిని కూర్చోబెట్టినందుకే ఆయన ఊరందరి మనిషి అయ్యాడు. రాజుకైనా బంటుకైనా నిద్ర ఒక్కటే, నేల ఒక్కటే అని ఆ కాలంలో గుడిముందు నిలబడి పాడడానికి గుండె కావాలి.

ఆ గుండె ఎంతటిదో చెప్పడానికే చిన్నన్న సాళువ నరసింహరాయల కథ చెప్పాడు. ఆ రాజు అన్నమయ్యను ఆదరించినవాడే, పక్కన కూర్చోబెట్టుకున్నవాడే. మన చంద్రగిరి సీమ ఏలి, 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం ఎక్కినవాడు. ఒకరోజు సభలో శృంగార సంకీర్తన విని పరవశించిపోయాడు. అటువంటి పదం నామీద ఒకటి చెప్పు అన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పొగిడిన నాలుకతో నరుణ్ని పొగడను అన్నాడు. స్నేహితుడే పగవాడయ్యాడు. మూరురాయరగండ అనే బరువైన సంకెళ్లు వేయించి చెరలో పెట్టించాడు. అన్నమయ్య స్వామిని తలుచుకుని పాడాడు. సంకెళ్లు ఊడిపడ్డాయి. రాజు తప్పు తెలుసుకుని కాళ్లమీద పడ్డాడు.

తాత ఎదిరించిన రాజు సామాన్యుడు కాడు, తిరుమల గుడికి దానాలు చేసిన ప్రభువు. అయినా చిన్నన్న ఆ తగాదాను మాటు పెట్టలేదు. ఆ రాజు చేసిన మర్యాద చెప్పాడు, వేసిన సంకెళ్లూ చెప్పాడు, చివరికి పడిన పశ్చాత్తాపమూ చెప్పాడు. పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు న్యాయం అంటే ఇదే.

తాత రాసినవేమిటో కూడా చిన్నన్న వరసగా చెప్పిపెట్టాడు. సంకీర్తనలు 32 వేలు. ద్విపదలో రామాయణం. సంస్కృతంలో వేంకటాచల మాహాత్మ్యం. శృంగారమంజరి. శతకాలు 12. వీటిలో రామాయణం మనకు దక్కలేదు. శతకాల్లో ఒక్కటే దక్కింది. సంకీర్తనల్లో దక్కినవి సుమారు 14 వేలని లెక్క. పోయినవి పోయాయని మనకు తెలిసింది కూడా మనవడు పట్టీ రాసిపెట్టాడు కాబట్టే. ఇల్లు కాలిపోయినా దస్తావేజు మిగిలినట్లు, ఏమేం ఉండేదో చెప్పే కాగితం ఒకటి మిగిలింది.

ఇంటిల్లిపాదీ ఆ పెద్దాయనను తలా ఒక చేత్తో పట్టుకున్నారు. కొడుకు పెదతిరుమలయ్య, తండ్రి పాటలన్నీ రాగిరేకులమీద చెక్కించాడు. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కించాడు. మొదటి రేకుమీద తండ్రి పుట్టిన కాలం, స్వామి ప్రత్యక్షమైన వయసు, కాలం చేసిన తిథి చెక్కించాడు. ఈ రోజు మనం వర్ధంతి ఫలానా తిథి అని చెప్పుకోగలుగుతున్నది ఆ రేకు పుణ్యమే. ఇంకో మనవడు చినతిరుమలాచార్యులు. తాత సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణం అనే గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తాత రాసిన సంస్కృత మూలం పోయింది. మనవడి తెలుగు మిగిలింది. ఇక వరసకు చిన్నన్నకు అవ్వ అయిన తిమ్మక్క సుభద్రాకల్యాణం రాసింది. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను చెప్పుకుంటున్నాం. చంద్రగిరి దగ్గర శ్రీనివాసమంగాపురం గుడిలో పూజలు మళ్లీ మొదలుపెట్టించింది కూడా అన్నమయ్య మనవళ్లలో ఒకరేనని 1540 నాటి శాసనం ఉంది. పాటను కొడుకు దాచాడు, శాస్త్రాన్ని ఒక మనవడు దాచాడు, తాత అనే మనిషిని చిన్నన్న దాచాడు.

దాచినవి కూడా మరుగున పడే కాలం వచ్చింది. 1565లో విజయనగరం కూలింది. ఆదరించే చేతులు కరువయ్యాయి. రాగిరేకులు తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉన్న చిన్న రాతి అరలో ఉండిపోయాయి. 1816లో క్యాంబెల్ అనే తెల్లదొర తన తెలుగు వ్యాకరణంలో ఆ రేకుల ప్రస్తావన చేశాడు. మళ్లీ వంద సంవత్సరాలు మౌనం. 1920ల మొదట్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆ అరలోని రేకులను వెలుగులోకి తెచ్చారు. తర్వాత పండితులు ఒక్కొక్క సంపుటంగా అచ్చువేయడం మొదలుపెట్టారు.

ఆ పండితుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారిని ఈ సందర్భంలో చేతులెత్తి తలుచుకోవాలి. కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టి, మద్రాసులో తాళపత్రాల మధ్య ఏళ్లతరబడి గడిపి, చివరి కాలంలో మన తిరుపతి చేరారు. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రాన్ని పరిష్కరించి, విస్తారమైన పీఠికతో 1949లో లోకానికి ఇచ్చారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన వదిలిన పనిని అనంతపురం సీమ బిడ్డ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అందుకున్నారు. రేకులమీద రాగం పేరుంది, స్వరం లేదు. నూరుకు పైగా సంకీర్తనలకు ఆయన స్వరాలు కూర్చారు. 1978లో దేవస్థానంవారు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టారు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు ఆరు వందలకు పైగా పాటలకు బాణీలు కట్టి ఊరూరా పాడారు. 2025 మార్చి 9న ఆయన తిరుపతిలోనే కాలం చేసినప్పుడు, సొంత మనిషి పోయినట్లు ఈ ఊరు కన్నీరు పెట్టింది. అన్నమయ్యకు ఆయన రక్తబంధువు కాడు. ఆ పాట పాడిన నోళ్లన్నీ, ఆ పాట విన్న చెవులన్నీ ఆ ఇంటి మనవలవే అని మాత్రం ఆ రోజు మనకందరికీ తెలిసింది.

తిరుమలలో ఇప్పటికీ ఒక మాట ఉంది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అంటారు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వంశీకులు స్వామికి జోల పాడతారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకే చెందిన తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాలహారతి ఇస్తారు. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆ తల్లికి బిడ్డలు లేరు, మనవలు లేరు. అయినా పూట తప్పకుండా ఆమె పేరు స్వామి ముందు వినబడుతోంది. పెద్దవాళ్లను గుర్తుపెట్టుకోవడానికి రక్తసంబంధమే ఉండాలని లేదు. గుర్తుపెట్టుకోవాలనే మనసుంటే ఊరే మనవడవుతుంది, మనవరాలవుతుంది.

శ్రోతలారా, ఇక మన ఇళ్ల సంగతి.

మన ఇళ్లలో పితృకార్యం చేసేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పి నువ్వులు నీళ్లు వదులుతాం. తండ్రి, తాత, ముత్తాత. నాలుగో తరం దగ్గర పేరు ఆగిపోతుంది. ఆ పైవాళ్లు పేరు లేని పెద్దలైపోతారు. చాలా ఇళ్లలో ఈ మూడో పేరు చెప్పడానికే పక్కవాళ్లను అడగాల్సి వస్తోంది. తంతు మూడు తరాల దాకానే మోయగలదు. ఆ పైన మోయవలసింది రాత. తాతకు పూర్వీకుడైన నారాయణయ్య చిన్ననాటి ఏడుపు మనదాకా వచ్చిందంటే రాత మోసుకొచ్చింది కాబట్టే.

మన తాతలందరూ అన్నమయ్యలు కారు. కానీ ఈ సీమలో ఒక్కొక్క తాత దగ్గర ఒక్కొక్క భండారం ఉంది. కపిల తోలిన తాతలు ఇంకా కొందరున్నారు. ఎద్దులు వెనక్కి నడిచి, ముందుకు నడిచి, తోలుబానలో నీళ్లు పైకి తెచ్చేవి. ఆ తోలేటప్పుడు పాడుకునే కపిలపాటలు వాళ్ల నోటనే ఉన్నాయి. బోర్లు వచ్చాక ఆ పాటకు పని లేకుండా పోయింది. పెనుమూరు వైపు, చిత్తూరు వైపు చెరకు గానుగల దగ్గర బెల్లం పాకం ఎప్పుడు దించాలో చూపుతోనే చెప్పగలిగిన పెద్దలున్నారు. దామలచెరువు తోటల్లో పూత చూసి కాపు చెప్పేవాళ్లున్నారు. శ్రీకాళహస్తిలో కలంకారీకి కరక్కాయ నీళ్లలో, పాలలో గుడ్డ నానబెట్టిన చేతులున్నాయి. నారాయణవనం, నగరి మగ్గాల దగ్గర కూర్చుని వంగిన వెన్నులున్నాయి. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టిన కుటుంబాలున్నాయి. ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగేటప్పుడు, పగలంతా హరికథ విని రాత్రంతా వీధినాటకంలో అర్జునుడి వేషం కట్టి, తపస్సు మాను ఎక్కి పై నుంచి జనం మీదికి విభూతి పండ్లు విసిరిన తాతలున్నారు. ఆ మాను కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు వరపడేవాళ్లు. ఆ తాత ఆ రోజు ఏం తిన్నాడు, ఎన్ని పద్యాలు పాడాడు, ఆ వేషం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? అడిగితే చెబుతాడు. అడగకపోతే ఆయనతోనే పోతుంది.

తాత పోయిన పదకొండో రోజు పెద్ద ఫోటో పెట్టి, పూలదండ వేసి, ఊరందరికీ భోజనం పెడతాం. చాలా మంచివాడు, ఎవరికీ అపకారం చేయలేదు, ఊరికి పెద్దదిక్కు అని అందరూ అంటారు. ఆ మాటలన్నీ నిజమే. కానీ ఆ మాటలు ఏ తాతకైనా సరిపోతాయి. ఆ తాతకే సరిపోయే మాట ఒకటి కావాలి. తెగిన చిటికెన వేలు లాంటిది, విడిచిన చెప్పుల లాంటిది.

చిన్నన్న దగ్గర నేర్చుకోవలసింది నాకు తోచినంతలో ఇది. తాత గెలుపులతో పాటు ఆ ఇంటి ఓటమిని కూడా రాయండి. ఏ కరువులో భూమి అమ్ముకున్నాడు, ఎక్కడికి కూలికి పోయాడు, ఏ పరీక్ష తప్పాడు, అవన్నీ రాయండి. ఊళ్ల పేర్లు రాయండి. చిన్నన్న ఊటుకూరు అన్నాడు, తాళ్లపాక అన్నాడు, అహోబిలం అన్నాడు, అందుకే ఆ కథకు కాళ్లూ నేలా ఉన్నాయి. తాత నేర్చుకున్న గురువు పేరు రాయండి. తాత ఎవరికి తలవంచలేదో రాయండి. అవ్వను మరువకండి. తాత కథ అడిగితే సగం సంగతులు అవ్వకే తెలుస్తాయి. తాత నోరు విప్పనిచోట అవ్వ నోరు విప్పుతుంది.

ఇందుకు కవిత్వం రానక్కరలేదు, ద్విపదలు కట్టనక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. చేతిలో ఫోను ఉంది కదా, సాయంత్రం పూట అరుగుమీద తాత పక్కన కూర్చుని మాట రికార్డు చేయండి. ఒక్కసారిగా నీ జీవితం చెప్పు తాతా అంటే ఏమీ చెప్పలేడు. నీ చిన్నప్పుడు ఇంట్లో ఎన్ని ఎద్దులుండేవి తాతా అని అడగండి. వాటి పేర్లేమిటని అడగండి. తిరుమలకు మొదటిసారి ఎవరితో పోయావు, ఏ దారిన ఎక్కావు, రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడగండి. ఎద్దుల పేర్లు చెప్పడం మొదలుపెట్టిన తాత ఆ ఊరి కథంతా చెబుతాడు. ఆ మాట ఆయన యాసలోనే రాసుకోండి. మన చిత్తూరు మాటను దిద్దకండి. దిద్దితే తాత పోయి ఇంకెవరో వచ్చి కూర్చుంటారు.

అయ్యవార్లకు, పంతులమ్మలకు కూడా ఒక మనవి. మీ బడిలో పిల్లలకు ఆవు మీద వ్యాసం, వానాకాలం మీద వ్యాసం రాయిస్తున్నారు. ఏడాదికి ఒక్కసారి తాత మీద, అవ్వ మీద రాయించండి. ఊరి గ్రంథాలయంలో ఆ కాగితాలను కుట్టి పెట్టండి. పదేళ్లలో మీ ఊరి చరిత్ర ఒకటి తయారవుతుంది. ఏ ప్రభుత్వ దఫ్తరంలోనూ దొరకని చరిత్ర అది.

సంవత్సరీకం రోజున పిండం పెట్టిన తర్వాత, విస్తళ్లు వేయక ముందు, ఆ కాగితాల్లోంచి ఒక పేజీ ఇంట్లో చిన్నవాళ్లచేత చదివించండి. అయిదు నిమిషాల పని. తాతను చూడని పిల్లలు తాతను చూస్తారు. చూసినవాళ్లకు తాము ఎరగని తాత ఒకడు కనబడతాడు. ఇది కొత్త ఆచారం కాదు. అలిపిరి మెట్ల దగ్గర ప్రతి ఫాల్గుణంలో మనం అన్నమయ్యకు చేస్తున్నదే, మన ఇంటి తాతకు కూడా చేద్దామని చెబుతున్నాను.

మీ తాతలు బతికి ఉంటే ఈ వారంలోనే వెళ్లి పక్కన కూర్చోండి. లేకపోతే ఆయనను ఎరిగిన చెల్లెలో, స్నేహితుడో, పక్కింటి పెద్దాయనో ఇంకా ఉంటారు, వాళ్లను అడగండి. వాళ్లూ లేకపోతే మీకు గుర్తున్నంత మీరే రాయండి. ఆ రాసినదాన్ని మీ మనవడు తీసి చదువుకోవాలి. వాడు తన మనవడికి చెప్పుకోవాలి. మూడు తరాల దగ్గర ఆగిపోయే పేరును నాలుగో తరానికి అందించే శక్తి మీ చేతిలో ఉంది. ఆ పని మొదలుపెట్టండి.